రాక్షసుడికి కప్పం కట్టిందెవరు?

1

గ్రీకు పురాణ వీరుల కథలకూ, యూరపు పల్లెల్లో జనం చెప్పుకున్న అద్భుత కథలకూ దగ్గర పోలికలున్నాయన్నది కొత్త సంగతి కాదు. పెర్సియస్ సముద్ర భూతాన్ని చంపి ఆండ్రోమెడాను విడిపించాడు. గ్రిమ్ సోదరులు అచ్చువేసిన ‘ఇద్దరు అన్నదమ్ములు’ అనే జర్మన్ కథలో చీపుళ్ళు కట్టి బతికే పేదవాని కొడుకు ఏడు తలల ఘటసర్పాన్ని చంపి రాజకుమార్తెను విడిపించాడు. ఒడిస్సియస్ ఒంటికంటి రాక్షసుని కన్ను పొడిచి గొర్రెల మాటున తప్పించుకున్నాడు. అదే కథను హోమరు పేరైనా వినని గొర్రెల కాపరులు ఎన్నో దేశాల్లో చెప్పుకున్నారు. ఈ పోలికలున్నాయా లేవా అన్న విషయంలో పండితులకు పేచీ లేదు. పేచీ అంతా వాటిని ఎలా అర్థం చేసుకోవాలన్న దగ్గరే వస్తుంది.

మన అభ్యుదయ సాహిత్యాభిమానుల్లో ఈ విషయమై రెండు ధోరణులు కనిపిస్తాయి. ఇవన్నీ భూస్వామ్య యుగపు పుక్కిటి పురాణాలు, రాజులూ రాక్షసులూ నేటి మనిషికి దేనికీ పనికిరారు అనేది ఒకటి. ఇవి ప్రజల నోట పుట్టాయి, ప్రజలవి గనుక వాటంతటవే అభ్యుదయకరమైనవి అనేది రెండవది. మొదటి ధోరణి చదవకుండానే తోసిపుచ్చుతుంది. రెండవది చదవకుండానే నెత్తిన పెట్టుకుంటుంది. 1934లో సోవియట్ రచయితల మహాసభలో గోర్కీ మాట్లాడుతూ హెరాక్లీస్‌నూ, ప్రొమిథియస్‌నూ, రష్యన్ కథల్లోని తెలివైన వాసిలిసానూ, వెర్రిబాగుల ఇవాన్‌నూ ఒకే వరసలో నిలబెట్టాడు. శ్రమజీవుల సృష్టిశక్తిని గుర్తించమని పండితులను నిలదీయడానికి ఆనాడు ఆ మాట అవసరమే. కాని హెరాక్లీస్, ఇవాన్ ఒకే వరసలో నిలిచేవారేనా అని అడగడం కూడా విమర్శకుని పనే.

పోలికలకు 19వ శతాబ్దపు పండితులు చెప్పిన కారణాలు తెలిసినవే. మాక్స్‌ముల్లర్ 1856లో రాసిన వ్యాసం మొదలు, పురాణ వీరులలో ఎక్కువమందిని సూర్యునిగానూ, వారు చంపిన రాక్షసులను చీకటిగానూ లెక్కగట్టే సంప్రదాయం బలపడింది. బెన్‌ఫీ 1859లో పంచతంత్రం జర్మన్ అనువాదానికి రాసిన పీఠికలో, యూరపు కథలలో అధికభాగం భారతదేశం నుంచి వెళ్ళినవే అన్నాడు. ఈ మాట వినగానే మనలో కొందరు మీసం మెలేస్తారు. జంతువుల నీతికథలు చాలావరకు గ్రీసు నుంచి ఇండియాకు వచ్చాయని అదే బెన్‌ఫీ అన్నాడన్న సంగతి మాత్రం చెప్పరు. ఆండ్రూ లాంగ్ ఈ ఇద్దరితోనూ తగవుపడి, కథల్లోని వింతలన్నీ ఆదిమ సమాజపు ఆచారాల అవశేషాలన్నాడు. ఆ తరువాత ఫిన్లండు పండితుడు ఆర్నే 1910లో కథలకు నంబర్లు వేశాడు. అమెరికన్ థాంప్సన్ ఆ పట్టికను పెంచాడు. జర్మన్ పండితుడు ఊథర్ 2004లో దాన్ని తిరగరాశాడు. ఘటసర్పాన్ని చంపినవాని కథకు 300వ నంబరు, గుడ్డివాడైన రాక్షసుని కథకు 1137వ నంబరు.

నంబర్లు వేయడం చాలా ఉపయోగకరమైన పని. ఐతే ఏ కథ ఏ కథకు చుట్టమో ఆ పట్టిక చెబుతుంది గాని, ఆ కథ ఎవరి ఇంట్లో ఎవరి కోసం పనిచేసిందో చెప్పదు. లాంగే తెలియకుండా ఇందుకొక రుజువు ఇచ్చాడు. 1889లో పిల్లల కోసం వెలువరించిన కథల పుస్తకంలో అతడు పెర్సియస్ గాథను చేర్చి, అందులో పేర్లన్నీ తీసేశాడు. పెర్సియస్ ‘పిల్లవాడు’ అయ్యాడు, మెడూసా ‘భయంకరమైన తల’ అయింది. పేర్లు పోగానే పురాణం అచ్చంగా అవ్వ చెప్పిన కథలా తయారైంది. అంటే పురాణానికీ కథకూ మధ్య వున్న తేడాలో పెద్ద భాగం పేరులోనే వుందన్న మాట.

పురాణంలో పేరు ఒక దస్తావేజు. పెర్సియస్ అనగానే మైసీనీ నగర స్థాపకుడు, హెరాక్లీస్‌కు పూర్వీకుడు. హెరాక్లీస్ అనగానే స్పార్టా రాజులు తమ వంశకర్తగా చెప్పుకున్న వ్యక్తి. థీసియస్ అనగానే ఏథెన్సు. క్రీ.పూ. 475 ప్రాంతంలో కులీన వర్గానికి చెందిన సేనాని కిమోన్ స్కైరోస్ దీవిని పట్టుకొని, థీసియస్ ఎముకలంటూ కొన్నింటిని ఊరేగింపుగా ఏథెన్సుకు తెచ్చాడు. ఒక కథానాయకుని ఎముకలు ఓట్లు తెచ్చిపెట్టగలిగాయంటే ఆ కథ కేవలం వినోదం కాదు. అద్భుత కథలోని మూడవ కొడుక్కి వంశవృక్షం లేదు, ఊరు లేదు, తరచు పేరే లేదు. అతని ఎముకలను ఊరేగించి ఎవరూ అధికారంలోకి రాలేరు.

2

రాక్షసుడు ఎక్కడ నుంచి వచ్చాడు? గ్రీకు గాథలను ఈ ప్రశ్నతో చదివితే ఆశ్చర్యకరమైన సమాధానం వస్తుంది. చాలా చోట్ల రాక్షసుడు రాజుగారి ఇంట్లో తప్పు నుంచి పుట్టాడు.

క్రీట్ రాజు మినోస్ సముద్రదేవుడైన పొసైడాన్‌కు బలి ఇస్తానని మంచి ఎద్దును అడిగి తెచ్చుకొని, అది అందంగా వుందని మందలో దాచుకొని, నాసిరకం ఎద్దును బలి ఇచ్చాడు. ఆ అత్యాశకు ఫలితం ఎద్దు తల మనిషి, మినోటార్. ఆండ్రోమెడా తల్లి కాసియోపియా తన అందం గురించి గొప్పలు చెప్పుకోవడం వల్ల సముద్ర భూతం వచ్చింది. ట్రాయ్ రాజు లావోమెడాన్ సంగతి మరీ విశేషం. పొసైడాన్, అపొల్లో మానవ రూపాల్లో ఇతని దగ్గర కూలికి కుదిరారు. పని పూర్తయ్యాక రాజు కూలి ఎగగొట్టాడు. ఇలియడ్ 21వ సర్గలో పొసైడానే ఆ సంగతి తలచుకుంటాడు: ఏడాది పాటు పని చేయించుకొని, జీతం అడిగితే కాళ్ళూ చేతులూ కట్టి దూరపు దీవుల్లో అమ్మేస్తానని, చెవులు కోయిస్తానని రాజు బెదిరించాడట. దేవతల నోట వచ్చిన ఈ మాటలో దేవత్వమేమీ లేదు. ఏడాది కూలి పోగొట్టుకున్న మనిషి కడుపుమంట అది. ఆ బకాయి సముద్ర భూతమై ట్రాయ్ తీరానికి వచ్చింది. దానికి ఆహారంగా రాజు కూతురు హెసియోనేను కట్టివేశారు. హెరాక్లీస్ ఆమెను విడిపించాడు. ఇస్తానన్న గుర్రాలను అతనికి కూడా రాజు ఎగగొట్టాడు.

రాక్షసుని పుట్టుకకు కారణం పై అంతస్తులో వుంటే, కప్పం కట్టే భారం కింది అంతస్తు మీద పడుతుంది. మినోటార్‌కు ఏథెన్సు నగరం తొమ్మిదేళ్ళకొకసారి ఏడుగురు యువకులను, ఏడుగురు కన్యలను పంపేది. ఆ మూడవ విడత చీట్లు వేసే వేళ నగరంలో గొణుగుడు మొదలైందని ప్లూటార్క్ రాశాడు. ఈ దుఃఖానికంతటికీ మూలమైన రాజు ఈజియస్ ఒక్కడే శిక్షలో పాలు పంచుకోవడం లేదు, మా పిల్లలు పోతున్నారు అని తలిదండ్రులు మండిపడ్డారు. ఆ గొణుగుడు విన్నాకనే థీసియస్ తానుగా ముందుకు వచ్చాడు. అంటే వీరుని సాహసానికి ముందు ప్రజల నిరసన వుంది. శిల్పాల్లో, కుండల మీది బొమ్మల్లో థీసియస్ కత్తి కనిపిస్తుంది గాని ఈ గొణుగుడు కనిపించదు.

ప్లూటార్క్ తరువాత వెయ్యేళ్ళకు పైగా గడిచాక, 13వ శతాబ్దంలో యాకోబస్ డ వొరాజినే అనే క్రైస్తవ మతాధికారి సెయింట్ జార్జి కథను రాసిపెట్టాడు. సిలీన్ అనే నగరం పక్క చెరువులో ఘటసర్పం. మొదట రోజుకు రెండు గొర్రెలు, గొర్రెలు తరిగాక ఒక గొర్రె, ఒక మనిషి. చీట్లు వేస్తూ వేస్తూ చివరకు రాజు కూతురు వంతు వచ్చింది. నా బంగారం, వెండి, సగం రాజ్యం తీసుకోండి, నా కూతుర్ని వదలండి అన్నాడు రాజు. శాసనం చేసింది నువ్వే, మా పిల్లలు చచ్చారు, ఇప్పుడు నీ బిడ్డను దాచుకుంటావా, నిన్నూ నీ ఇంటినీ తగలబెడతాం అన్నారు జనం. ఏథెన్సు వీధిలోని గొణుగుడు ఇక్కడ బహిరంగమైన తిరుగుబాటు మాటగా మారింది. కథను మతం తన పనికి వాడుకుంది. చివర నగరమంతా బాప్తిస్మం పుచ్చుకుంటుంది. అయినా ఆ మాటను తుడిచివేయడం మతాధికారికి సాధ్యం కాలేదు.

మన పాఠకులకు ఇక్కడ ఏకచక్రపురం గుర్తుకు రాకపోదు. ఇంటికొక వంతు, బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి. రాజు మనను కాపాడలేని దుర్బలుడని వ్యాస భారతంలో ఆ బ్రాహ్మణ గృహస్థే వాపోతాడు. ఐతే భారతంలో వంతు రాజు ఇంటిదాకా వెళ్ళదు. యూరపు కథలో వెళుతుంది. కథను కదిలించేది అదే. పేదల పిల్లలు పోయినన్నాళ్ళూ అది ఆచారం. రాజు కూతురి వంతు వచ్చిన రోజున మాత్రమే అది విపత్తు అవుతుంది. గ్రిమ్ కథలోనూ ఏటా ఒక కన్యను ఇచ్చుకుంటూ వచ్చి, ఇక రాజకుమార్తె తప్ప ఎవరూ మిగలని రోజునే వేటగాడు ఆ ఊరికి వస్తాడు. వీరుడు అంతకు ముందు ఏడాది ఎందుకు రాలేదని కథ అడగదు. మనం అడగాలి.

3

రష్యన్ పండితుడు ప్రాప్ 1946లో ప్రచురించిన అద్భుత కథల చారిత్రక మూలాల పరిశోధనలో దీనికి మంచి దారి చూపాడు. పంట పండాలని, నది కరుణించాలని కన్యను బలి ఇచ్చే ఆచారం బతికున్న రోజుల్లో, ఆ బలికి అడ్డుపడినవాడు వీరుడు కాడు, ఊరికి కరువు తెచ్చిన ద్రోహి. ఉత్పత్తి పద్ధతులు మారి, వ్యవసాయం స్థిరపడి, ఆ ఆచారానికి అర్థం పోయాక అదే పని వీరకృత్యమైంది. ఆనాటి దేవత రాక్షసుడయ్యాడు. ఆనాటి ద్రోహి వీరుడయ్యాడు. కథ ఆచారాన్ని అలాగే భద్రపరచలేదు, తలకిందులు చేసి భద్రపరచింది. లాంగ్ చెప్పిన ‘అవశేషం’ కంటే ఇది లోతైన మాట. అవశేషమంటే చచ్చిన వస్తువు. తలకిందులు చేయడమంటే జనం తమ గతం మీద తామే చెప్పిన తీర్పు.

ఇంత చెప్పిన ప్రాప్ పాశ్చాత్య పండితులను ఎక్కువగా ఉదహరించాడన్న నేరం మీద 1940ల చివర సోవియట్ పత్రికల్లోనే నిందలు పడ్డాడు. మన శిబిరం తన మంచి విమర్శకులను ఎలా చూసుకున్నదో గుర్తుంచుకోవడానికి ఈ సంగతి ఇక్కడ చెప్పడం అవసరం.

ఘటసర్పం చచ్చిన తరువాతి ఘట్టం ఇంకా విలువైనది. గ్రిమ్ కథలో వేటగాడు ఏడు నాలుకలు కోసి రుమాలులో కట్టుకొని, అలసి నిద్రపోతాడు. దూరం నుంచి చూస్తున్న రాజుగారి సేనాధికారి వచ్చి, నిద్రపోతున్నవాని తల నరికి, చంపింది నేనేనని రాజకుమార్తెను బెదిరించి ఒప్పిస్తాడు. ఏడాది తరువాత, మంత్రపు వేరుతో తిరిగి బతికిన వేటగాడు పెళ్ళి విందుకు వచ్చి, ఈ తలల్లో నాలుకలేవని అడుగుతాడు. ఘటసర్పాలకు నాలుకలుండవంటాడు అధికారి. నాలుకలు బయటపడతాయి.

ఇదే నాలుకల సాక్ష్యం గ్రీకు గాథలోనూ వుంది. అపొల్లోడోరస్ పేరుతో నిలిచిన పురాణ సంగ్రహంలో అకిలీస్ తండ్రి పెలియస్, అకాస్టస్ అనే రాజుతో పందెం వేసి వేటకు వెళతాడు. తాను చంపిన జంతువుల నాలుకలు కోసి సంచిలో వేసుకుంటాడు. రాజు మనుషులు ఆ జంతువులను పట్టుకొని, పెలియస్‌కు ఏమీ దొరకలేదని ఎగతాళి చేస్తారు. అతడు నాలుకలు చూపిస్తాడు. ఉపాయం అదే, పందెం మాత్రం వేరు. పెలియస్‌ది దొరల మధ్య వేట పరువు. వేటగాడిది తన శ్రమ ఫలితం, తన ప్రాణం. కష్టం ఒకడిది, ఖ్యాతి మరొకడిది అన్న అనుభవం దొరల విందుల్లో ఒక చతురోక్తి అయితే, కూలి చేసే ఇంట్లో అది దినచర్య. రాతకోతలు తెలిసిన అధికారి చేతిలో తలలున్నాయి. చదువురాని మనిషి చేతిలో నాలుకలున్నాయి. పని చేసినవానికి మాత్రమే తెలిసే రుజువు ఒకటి వుంటుందని కథ నమ్ముతుంది.

4

పాలిఫీమస్ కథ పేరు సమస్యను మరింత తేటగా చూపిస్తుంది. విల్‌హెల్మ్ గ్రిమ్ 1857లో ఈ కథకు వివిధ దేశాల్లో వున్న రూపాలను ఒకచోట చేర్చాడు. 1904లో హాక్‌మన్ రెండు వందలకు పైగా రూపాలు సేకరించాడు. ఈ జానపద రూపాలను హోమరు పక్కన పెడితే ఒక తేడా కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. చాలా జానపద రూపాల్లో, గుడ్డివాడైన రాక్షసుడు తప్పించుకుపోతున్న మనిషికి ఉంగరం విసురుతాడు. మనిషి ఆశపడి వేలికి పెట్టుకోగానే అది ‘ఇక్కడున్నా, ఇక్కడున్నా’ అని అరుస్తుంది. ఉంగరం ఊడి రాదు. అతడు వేలు కోసుకొని పారిపోతాడు. హోమరులో ఉంగరం లేదు. దాని స్థానంలో ఏముంది? పేరు వుంది. గుహలో ‘నా పేరు ఎవడూ కాదు’ అని చెప్పి బతికిన ఒడిస్సియస్, ఓడ ఎక్కాక ఆగలేక తన పేరూ, తండ్రి పేరూ, ఊరి పేరూ అరిచి చెబుతాడు. ఆ పేరు పట్టుకొనే పాలిఫీమస్ తండ్రి అయిన పొసైడాన్‌కు మొరపెట్టుకుంటాడు.

ఉంగరం చేసే పనీ, పేరు చేసే పనీ ఒకటే. రెండూ శత్రువుకు ఆచూకీ చెబుతాయి. పల్లె కథలో మనిషిని పట్టిచ్చేది బంగారం మీది ఆశ. మహాకావ్యంలో పట్టిచ్చేది కీర్తి మీది ఆశ. మూల్యంలోనూ తేడా వుంది. కాపరి తన వేలు తానే కోసుకుంటాడు. ఒడిస్సియస్ ఇల్లు చేరతాడు. శాపంలో కోరినట్టే, తోటివాళ్ళంతా పోయాక ఒంటరిగా చేరతాడు. వాళ్ళలో ఎక్కువమంది పేర్లు కూడా మనకు తెలియవు. నాయకుని పేరు కోసం పేరులేనివాళ్ళు చావడం ఏమిటో తెలుసుకోవాలంటే ఒడిస్సీ 9వ సర్గను చీకటీ వెలుగుల కథగా గాక ఈ కన్నుతో చదవాలి.

అదే సర్గలో, రాక్షసుని గుహకు వెళ్ళే ముందు ఒడిస్సియస్ పక్క దీవిని వర్ణించే తీరు కూడా చూడదగ్గది. నేల మంచిది, దున్నేవాడు లేడు, రేవు బాగుంది, ఓడలు లేవు. ఈ సైక్లోప్స్‌కు సభలు లేవు, చట్టాలు లేవు. గ్రీకులు మధ్యధరా తీరమంతా వలసలు స్థాపిస్తున్న క్రీ.పూ. 8వ శతాబ్దపు కన్ను అది. సేద్యం చేయని పశువుల కాపరి రాక్షసుడయ్యాడు. పిలవకుండా అతని ఇంట్లో చొరబడి జున్ను తిన్నవాడు నాగరికుడయ్యాడు. పరాయి పాలన రుచి చూసిన మన దేశపు పాఠకులకు ఈ వర్ణన కొత్తగా వినిపించదు.

5

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి పురాణం పాలకులది, కథ ప్రజలది, కథే మెరుగు అని తేల్చివేస్తే అది తప్పుడు లెక్క అవుతుంది. మొదటి అభ్యంతరం: కథ మనకు అందిన తీరు. గ్రిమ్ సోదరులకు కథలు చెప్పినవారిలో దర్జీ భార్య డొరొథియా ఫీమాన్ వంటివారున్నారు గాని, చదువుకున్న మధ్యతరగతి ఇళ్ళ ఆడపిల్లలే చాలామంది. అచ్చయిన కథను పొలం నుంచి నేరుగా వచ్చిన గొంతుగా భావించడానికి వీలులేదు.

రెండవది ఇంకా గట్టిది. మెడియా కథ తీసుకోండి. పరాయి రాజు అసాధ్యమైన పనులు చెప్పడం, అతని కూతురు ప్రేమించి మంత్రసాయం చేయడం, ఇద్దరూ పారిపోవడం, తండ్రి తరమడం. 1884లో లాంగ్ ఈ కథ ఎన్ని దేశాలు తిరిగిందో చూపించాడు. కథల్లో పారిపోయే పిల్ల దువ్వెన వెనక్కి విసిరితే అడవి మొలుస్తుంది. మెడియా విసిరింది దువ్వెన కాదు, తమ్ముని శరీర ఖండాలు. తండ్రి వాటిని ఏరుకుంటూ ఆగిపోతాడు. ఆ తరువాత జానపద కథలో వీరుడు ఇల్లు చేరగానే మాయ కమ్మి ఆమెను మరచిపోతాడు, మరో పెళ్ళికి సిద్ధపడతాడు, చివరకు జ్ఞాపకం వచ్చి ఆమెను చేరుకుంటాడు. క్రీ.పూ. 431లో యురిపిడీస్ ప్రదర్శించిన నాటకంలో జేసన్‌కు మతిమరుపు లేదు. కొరింతు రాజు అల్లుడైతే కలిగే లాభం వుంది. పరదేశి ఆడదానికి ఆ ఊళ్ళో హక్కులేదు. జానపద కథ మగవాని ద్రోహాన్ని మాయ మీదకు నెట్టి మనలను ఓదారుస్తుంది. పురాణాన్ని అందుకున్న నాటకకర్త దాన్ని లెక్కల పుస్తకంలో చూపించాడు. ఇక్కడ సత్యం నాటకం వైపే వుంది.

మూడవ అభ్యంతరం కథ ముగింపు. చీపుళ్ళవాని కొడుకు చివరకు రాజవుతాడు. శాసనం చేసిన రాజు గద్దె దిగడు. వీరునికి కూతురుతో పాటు రాజ్యంలో వాటా ఇచ్చి తనలో కలుపుకుంటాడు. ‘నిన్నూ నీ ఇంటినీ తగలబెడతాం’ అన్న మాట పెళ్ళి బాజాల్లో మునిగిపోతుంది. రాజు లేని రాజ్యాన్ని ఊహించే స్థితి ఆ రైతుకు లేదు. అది అతని దోషం కాదు, అతని చరిత్ర పరిమితి. కాని ఆ పరిమితినే ఆదర్శంగా మనం కీర్తించనక్కరలేదు.

6

ప్రాణం ఒంట్లో గాక వేరే చోట వుండే రాక్షసుని సంగతితో ముగిస్తాను. గ్రీకు గాథలో మెలియేజర్ ప్రాణం ఒక కొరకంచులో వుంది, మెగారా రాజు నైసస్ ప్రాణం ఒక ఊదారంగు వెంట్రుకలో వుంది. రష్యన్ కథలో కొశ్చేయ్ చావు గుడ్డులోని సూదిలో వుంది. తెలుగువారికి ఇది బాలనాగమ్మ కథ. మాయలవాని ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో వుంది, బాలవర్ధిరాజు వెళ్ళి దాని మెడ విరిచాడు. 1868లో మేరీ ఫ్రేర్ అనే దొరసాని అచ్చువేసిన దక్కను కథల పుస్తకంలోనూ ఇదే కథ వుంది. అందులో మాంత్రికుడు పంచ్‌కిన్, చెరపట్టబడిన రాణి పేరు బాల్నా. ఆ కథలు చెప్పింది ఫ్రేర్ దగ్గర పనిచేసిన ఆయా అన్నా లిబెరాటా డి సౌజా. ఆమె తన బతుకు గురించి చెప్పుకున్న మాటలు కూడా ఆ పుస్తకంలో వున్నాయి. పుస్తకం మీద కర్తగా నిలిచింది మాత్రం దొరసాని పేరే. ఆ పుస్తకంలో తలలు ఎవరి చేతిలో వున్నాయో, నాలుకలు ఎవరి దగ్గర వున్నాయో చెప్పనక్కరలేదు.

కళాశాలల్లో సాహిత్యం చెప్పేవారూ చదివేవారూ ఈ కథలను రెండు రకాలుగా పాడుచేయగలరు. సూర్యచంద్రుల రహస్యాలుగా మార్చడం ఒకటి. ‘మావి ముందా, మీవి ముందా’ అనే పందెం కింద దించడం మరొకటి. కథ చెప్పిన మనిషి పేరు, ఊరు, పని రాసుకోకుండా కథను మాత్రమే ఎత్తుకువచ్చే సేకర్త కూడా సేనాధికారి పనే చేస్తున్నాడు. పెర్సియస్ పాఠమైనా, బాలనాగమ్మ బుర్రకథ అయినా మనం ముందుగా అడగవలసింది రాక్షసుడిని ఎవరు చంపారని కాదు. అతన్ని ఎవరి తప్పు తెచ్చింది, అన్నాళ్ళూ ఎవరి పిల్లలు అతనికి ఆహారమయ్యారు, ఎవరి వంతు వచ్చినప్పుడు అది వార్త అయింది? ఈ ప్రశ్నలకు జవాబు గ్రీకు గాథల్లోనూ, జానపద కథల్లోనూ సగం సగం దాచబడి వుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితేనే ఆ సగాలు కలుస్తాయి.